కర్త లేని వాక్యం
కోనసీమ విలేకరి పనీ, పౌర సంబంధాల పనీ

పత్రికా రచన వేరు, సాహిత్య రచన వేరు అనే మాట మన సాహిత్యకారుల్లో చాలాకాలంగా వినిపిస్తూనే ఉంది. కథో కవితో రాయగలిగినవాడికి వార్త ఒక లెక్కా అనే ధీమా ఒకవైపు, వార్తలు రాసి రాసి కలం మొద్దుబారిపోతుందనే భయం మరొకవైపు ఈ మాటను నిలబెడుతున్నాయి. చరిత్ర ముందు ఈ రెండూ నిలవవు. 1874లో రాజమండ్రిలో ‘వివేకవర్ధని’ పెట్టిన కందుకూరి వీరేశలింగానికి పత్రిక వేరు, రచన వేరు కావు. కచేరీల్లో లంచగొండితనాన్ని బయటపెట్టిన కలమే ప్రహసనాలూ రాసింది. 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభకు అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావు, అంతకుముందే ‘జనవాణి’ పత్రికలో వాడుక భాషను నిలబెట్టిన సంపాదకుడు. శ్రీశ్రీ కొంతకాలం ‘ఆంధ్రప్రభ’లో ఉప సంపాదకుడు.

నేడు తెలుగు ఎమ్మే చదివిన యువకులూ యువతులూ పత్రికల్లోకీ, చానళ్లలోకీ, సంస్థల పౌర సంబంధాల విభాగాల్లోకీ వెళుతున్నారు. ఈ పనులకు ఏం కావాలని అడిగితే అందరూ ఒకే జాబితా చెబుతారు: మంచి భాష, వేగం, చొరవ, నలుగురితో పరిచయం. ఈ జాబితాలో తప్పేమీ లేదు. అయితే ఇది విలేకరికీ సరిపోతుంది, పౌర సంబంధాల అధికారికీ సరిపోతుంది. ఒకే పనిముట్లు పట్టుకున్న ఈ ఇద్దరూ ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న వేస్తే తప్ప వారి మధ్య తేడా తేలదు. ఆ ప్రశ్నకు జవాబు వృత్తి శిక్షణ పుస్తకాల్లో కన్నా కోనసీమ లాంటి చోట, మండల విలేకరి బతుకులో స్పష్టంగా దొరుకుతుంది. గౌతమికీ వసిష్ఠకూ మధ్య ఉన్న ఈ నేల గత మూడు దశాబ్దాల్లో తుపానునూ, గ్యాస్ మంటలనూ, పంట సమ్మెనూ, కుల ఘర్షణనూ చూసింది. వీటిలో ప్రతి ఒక్కటీ వార్త రాసేవాడికి పరీక్ష పెట్టింది.

1. రెండు వృత్తులు, రెండు బాధ్యతలు

పౌర సంబంధాల వృత్తిని అబద్ధాల వృత్తిగా కొట్టిపారేయడం తేలిక. కానీ అది శాస్త్రీయమైన విమర్శ కాదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. ఈ అంకెలు లంకల్లో ఉండే మనిషికి ఏమీ చెప్పవు. ఏ లంకకు ఎప్పుడు దారి తెగుతుంది, పడవ ఏ రేవులో ఉంటుంది, పశువులను ఏ గట్టుకు తోలాలి అన్నది అతనికి కావాలి. అడుగుల లెక్కను మనుషుల భాషలోకి మార్చి సకాలంలో చేర్చగల సమాచార శాఖ ఉద్యోగి చేసేది ప్రజోపయోగమైన పని. అతనికీ చదువు కావాలి, ఊళ్ల మీద అవగాహన కావాలి, రాత్రిళ్లు మేలుకునే ఓపిక కావాలి.

ఈ వృత్తి పుట్టుక చూస్తే దాని లోపలి వైరుధ్యం అర్థమవుతుంది. అమెరికాలో దీనికి ఆద్యుల్లో ఒకడైన ఐవీ లీ 1906లో ఒక సూత్రావళి ప్రకటించాడు: మేం చాటుమాటు పని చేయం, నిజమైన సమాచారాన్ని పత్రికలకు బాహాటంగా ఇస్తాం అన్నది దాని సారాంశం. ఎనిమిదేళ్లు తిరక్కముందే, 1914 ఏప్రిల్‌లో, కొలరాడో రాష్ట్రం లడ్లోలో సమ్మె చేస్తున్న బొగ్గుగని కార్మికుల గుడారాల మీద సాయుధ దళాలు దాడి చేశాయి. స్త్రీలూ పిల్లలూ చనిపోయారు. గని సంస్థలో ప్రధాన వాటాదారులైన రాక్‌ఫెల్లర్ కుటుంబం తన పరువు నిలబెట్టుకోవడానికి పిలిపించింది ఈ ఐవీ లీనే. సూత్రావళి అలాగే ఉంది. కరపత్రాలు మాత్రం యాజమాన్యం వైపు కథే చెప్పాయి. నవలాకారుడు అప్టన్ సింక్లేర్ ఆయన పేరును విషపు తీగ పేరుతో కలిపి వెక్కిరించింది అందుకే.

మన దేశంలో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ 1958లో ఏర్పడింది, 1968లో నీతి నియమావళినీ స్వీకరించింది. నియమావళి మంచిదే. కానీ జీతం ఇచ్చే సంస్థకూ నిజం తెలియాల్సిన జనానికీ ప్రయోజనాలు ఒకటైనంతవరకే అది పనిచేస్తుంది. వరద హెచ్చరికలో ఆ రెండూ ఒకటే. గొట్టం పేలినప్పుడు ఒకటి కావు. సంస్థ తరఫున మాట్లాడేవాడు అప్పుడు సంస్థ తరఫునే మాట్లాడతాడు. అతన్నుంచి అంతకు మించి ఆశించడం అమాయకత్వం. అందుకే అతనికి ఎదురుగా, సంస్థ జీతం తినని మరో మనిషి నోటుపుస్తకంతో నిలబడాలి. ఆ మనిషే విలేకరి.

కానీ మన మండలాల్లో ఆ రెండో మనిషి నిజంగా ఉన్నాడా?

2. విలేకరి బతుకు లెక్క

‘ఈనాడు’ 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక తెలుగు పత్రికా రంగం స్వరూపమే మారింది. తక్కిన పత్రికలూ అదే బాట పట్టాయి. అంతవరకు జిల్లా కేంద్రంతో ఆగిన వార్త మండలానికి, మండలం నుంచి ఊరికి దిగింది. ఇది ప్రజాస్వామికమైన మార్పు, సందేహం లేదు. రాజోలు కాలువ గండి, కొత్తపేట ఆసుపత్రిలో మందుల కొరత, కొబ్బరి ధర అచ్చులోకి వచ్చాయి. బస్సులో కవరు పెట్టి రాజమండ్రికో కాకినాడకో వార్త పంపిన మనిషి తర్వాత ఫాక్సులో పంపాడు, ఇప్పుడు ఫోనులోనే టైపు చేసి, ఫొటో తీసి, వీడియో కూడా పంపుతున్నాడు. ముగ్గురి పని ఒక్కడి మీద పడింది.

పని పెరిగినట్టు కూలి పెరగలేదు. మండల స్థాయిలో రాసేవారిలో ఎక్కువమంది జీతగాళ్లు కారు. వారిని కంట్రిబ్యూటర్ అనో, స్ట్రింగర్ అనో, పార్ట్‌టైం విలేకరి అనో పిలుస్తారు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే కాస్త డబ్బు పెట్రోలుకు చాలదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పార్ట్‌టైం వారినీ కలుపుకుంది గానీ, పత్రికా రచన అతని ప్రధాన వృత్తి అయి ఉండాలనే షరతు పెట్టింది. ఆ షరతే సందు అయింది. విలేకరికి బడిపంతులు ఉద్యోగమో, ఎల్ఐసీ ఏజెన్సీయో, కొట్టో ఉన్నట్టు రాసి ఉంటే అతను చట్టం దృష్టిలో విలేకరి కాడు. మజీథియా వేతన సిఫార్సులను 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించినా ఆ వెలుగు మండలం దాకా రాలేదు. ఆ 1955 చట్టం కూడా 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక స్మృతుల్లో కలిసిపోయింది.

కూలి ఇవ్వని యాజమాన్యం అతని చేతికి రెండు వస్తువులు ఇస్తుంది: ఒక గుర్తింపు కార్డు, ఒక ప్రకటనల లక్ష్యం. సంక్రాంతికి ఇంత, ఉగాదికి ఇంత, ఆగస్టు 15కి ఇంత తేవాలి. శుభాకాంక్షల ప్రకటన ఎవరిస్తారు? సర్పంచి, రైసుమిల్లు యజమాని, ప్రైవేటు కాలేజీ కరస్పాండెంటు, రొయ్యల చెరువుల ఆసామి, ఎమ్మెల్యే అనుచరుడు. రేపు ఎవరి మీద వార్త రాయాల్సి వస్తుందో వాళ్లే. వాళ్ల గుమ్మం ముందు సోమవారం ప్రకటన కోసం నిలబడిన మనిషి మంగళవారం ఏ గొంతుతో ప్రశ్న అడుగుతాడు? అలా అతని లోపలే పౌర సంబంధాల అధికారి పుడతాడు. తేడా ఒక్కటే, అసలు అధికారికి జీతం ఉంది, ఇతనికి అదీ లేదు.

ఇది పై స్థాయిలో ఏ రూపం తీసుకుంటుందో 2009 ఎన్నికల్లో తేలిపోయింది. వసిష్ఠ దాటితే వచ్చే పశ్చిమ గోదావరి జిల్లాలో డబ్బు తీసుకుని వేసిన వార్తల మీద ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ నమూనా సర్వే చేసింది. ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం తన నివేదికలో ఆ విషయాన్ని పేర్కొంది. ఉపసంఘంలోని ఇద్దరు సభ్యుల్లో ఒకరు ‘విశాలాంధ్ర’ సంపాదకుడు కె. శ్రీనివాసరెడ్డి. కౌన్సిల్ 2010లో కుదించిన పాఠాన్నే ప్రకటించింది. పూర్తి నివేదిక 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం తర్వాతే వెలుగు చూసింది. చిన్న విలేకరి తీసుకునే కవరు గురించి నీతులు చెప్పే పెద్దలు, ప్యాకేజీ కుదుర్చుకున్న యాజమాన్యం దగ్గర మౌనం వహించడం ఇందులోని వర్గ స్వభావం.

3. మంటలూ మాటలూ

1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్జీసీ తవ్వుతున్న బావి అదుపు తప్పి మంటలు లేచాయి. విదేశీ నిపుణులను రప్పించి, మార్చి నడుమ దాకా, సుమారు 65 రోజులు పోరాడితే గానీ ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. రాత్రిళ్లు దూరపు ఊళ్లకూ ఆ వెలుగు కనిపించింది. అప్పటి విలేకరికి ఎదురైన కష్టాన్ని ఊహించుకోండి. మంటను వర్ణించడానికి అతనికి భాష ఉంది. కానీ బావిలో పీడనం ఎలా అదుపులో పెడతారు, అది ఎందుకు తప్పింది, ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు అని అడగడానికి కావలసిన పరిజ్ఞానం లేదు. అది సంస్థ దగ్గరే ఉంది. వర్ణన విలేకరిదీ, వివరణ సంస్థదీ అయినప్పుడు నెగ్గేది వివరణే. కవిత్వం లాంటి వార్తలు ఎన్ని వచ్చినా ‘ఎవరు’ అన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

పందొమ్మిదేళ్ల తర్వాత, 2014 జూన్ 27 తెల్లవారుజామున, పాశర్లపూడి ఉన్న మామిడికుదురు మండలంలోనే, నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పగిలింది. వాయువు ఊరంతా కమ్ముకుని ఒక్కసారిగా అంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లూ కొబ్బరి చెట్లూ మాడిపోయాయి. వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివాళ్లు అన్నారు. తర్వాత జరిగిన విచారణలో తేలింది ఇది: పొడి వాయువు కోసం వేసిన గొట్టంలో నీరూ ద్రవాలూ కలిసిన తడి వాయువును పంపారు, తేమ తీసే ఏర్పాటు లేదు, గొట్టం లోపలి నుంచి తుప్పు పట్టి తినేసింది.

ఇక్కడ సాహిత్య విద్యార్థులు గమనించవలసిన భాషా విషయం ఒకటి ఉంది. ప్రమాదాల తర్వాత వచ్చే ప్రకటనల తీరు మనకందరికీ తెలుసు: ‘దురదృష్టకర సంఘటన చోటుచేసుకుంది’, ‘తగు చర్యలు చేపట్టబడుతున్నాయి’, ‘పరిస్థితి అదుపులో ఉన్నది’. ఈ వాక్యాల్లో కర్త లేడు. సంఘటన దానంతట అదే చోటు చేసుకుంటుంది, చర్యలు వాటంతట అవే చేపట్టబడతాయి. తెలుగులో కర్తను వదిలేయడం తప్పు కాదు. ‘అన్నం తిన్నాను’ అంటాం, ‘నేను’ అనక్కర్లేదు, ఎందుకంటే తెలిసిన కర్తనే వదిలేస్తాం. ప్రకటన భాష తెలియవలసిన కర్తను వదిలేస్తుంది. ఇంట్లో కుండ పగిలితే తల్లి ‘కుండ పగలగొట్టబడింది’ అనదు, ‘ఎవర్రా పగలగొట్టింది?’ అంటుంది. విలేకరి భాష ఆ తల్లి భాష. ‘గొట్టం పేలింది’ అన్నది ప్రకటన. ‘పొడి వాయువు గొట్టంలో తడి వాయువు పంపారు, అందువల్ల తుప్పు పట్టి పగిలింది’ అన్నది వార్త. రెండో వాక్యం రాయడానికి ధైర్యం ఒక్కటే చాలదు, రసాయన శాస్త్రం కూడా కొంత కావాలి. ‘పంపింది ఎవరు, పంపమన్నది ఎవరు?’ అన్నది మూడో వాక్యం. దానికి ధైర్యంతో పాటు వెనక నిలబడే సంపాదకుడు కూడా కావాలి.

గిడుగు, తాపీ వంటివారు వాడుక భాష కోసం పోరాడింది సులభంగా చదువుకోవడానికి మాత్రమే అనుకుంటే పొరపాటు. వాడుక భాషలో చేసినవాడు దాక్కోవడం కష్టం. అచ్చులో గెలిచిన ఆ భాషను, తర్జుమా వాసన వేసే ఈ ‘బడు’ ప్రయోగం దొడ్డిదారిన వచ్చి వెనక్కి నెడుతోంది. ప్రకటన కాగితాన్ని ఉన్నదున్నట్టు దించి, పైన తన ఊరి పేరు పెట్టి పంపే విలేకరి ఈ పనికి తెలియకుండానే సాయపడుతున్నాడు.

4. లెక్కలో చేరని మనుషులు

కర్తను దాచడం ఒక ఎత్తయితే, బాధితుణ్ణి లెక్కలోంచి జార్చడం ఇంకో ఎత్తు. 1996 నవంబర్ 6 నాటి తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. బలుసుతిప్ప, భైరవపాలెం వంటి మత్స్యకారుల ఊళ్లు దెబ్బతిన్నాయి. సముద్రం మీదికి వెళ్లి తిరిగిరాని మనిషి కచేరీ కాగితంలో ‘మృతుడు’ కాడు, ‘గల్లంతైనవాడు’. ఈ రెండు మాటల మధ్య ఒక కుటుంబానికి రావలసిన పరిహారం ఉంది. విలేకరి పని కచేరీ ఇచ్చిన అంకెను వేయడం మాత్రమే కాదు, రేవులో కూర్చుని పడవల వారీగా పేర్లు రాసుకుని ఆ అంకె పక్కన పెట్టడం. దానికి రోజులు పడతాయి. గంటకో వార్త అడిగే డెస్కు ఆ రోజులు ఇవ్వదు.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వేలాది ఎకరాల్లో వరి నాటకుండా వదిలేశారు. గిట్టుబాటు ధర లేదు, పూడిన మురుగు కాలువల వల్ల చేలు మునుగుతున్నాయి, ఖర్చులు పెరిగాయి అన్నవి వారి ఫిర్యాదులు. అవి న్యాయమైనవే. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. అప్పుడు పత్రికలన్నీ ఎత్తుకున్న మాట ‘క్రాప్ హాలిడే’, పంట విరామం. ఆ మాటను ఒకసారి పరీక్షించండి. భూమి ఉన్నవాడికి అది నిరసన. భూమి లేని నాటు కూలీకి అది సెలవు కాదు, పస్తు. కౌలు రైతుకు ఏ నిర్ణయంలోనూ భాగం లేదు. పైగా కూలి రేట్లు పెంచిందంటూ ఉపాధి హామీ పథకాన్ని నిందించిన మాటలు ఎక్కువగా వినిపించాయి, ఆ కూలీ మాట తక్కువగా వినిపించింది. అబద్ధం ఎవరూ రాయలేదు. సభ జరిగిన చోటికి, మైకు ఉన్న చోటికి, కుర్చీ వేసిన చోటికి విలేకరి వెళ్లాడు. పేటలో మైకు లేదు. ఎవరిని అడిగి రాశామన్నది కూడా వార్తలో భాగమే.

2022 మే 24 నాటి అమలాపురం సంఘటన ఈ ప్రశ్నను ఇంకా పదునుగా నిలబెట్టింది. ఏప్రిల్‌లో ఏర్పడిన కొత్త జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టాలన్న ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ జరిగిన ఆందోళనలో మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ, బస్సులూ తగలబడ్డాయి. కొన్ని రోజులపాటు ఇంటర్నెట్ ఆపేశారు. పుకారు అప్పటికే పాకిపోయింది, దాన్ని సరిచూసి చెప్పే వార్తకు మాత్రం దారి మూసుకుపోయింది. ఇలాంటి వేళ విలేకరి మీద రెండు వైపుల నుంచి ఒత్తిడి ఉంటుంది. పేర్లు రాస్తే రెచ్చగొట్టావంటారు. ‘ఒక వర్గం’, ‘మరో వర్గం’ అని రాస్తే చదివేవాడికి ఏమీ అర్థం కాదు. రుజువు లేకుండా ఒక కులం మొత్తాన్ని కర్త స్థానంలో కూర్చోబెట్టడం ఎంత నేరమో, ఎవరి పేరు ఎవరికి ఎందుకు కంటగింపు అయిందో చెప్పకుండా ‘ఉద్రిక్తత నెలకొంది’ అని సరిపెట్టడం అంత తప్పించుకోవడం.

రాసే మనిషి కూడా ఆ ఊరివాడే, అతనికీ కులం ఉందన్నది మరచిపోకూడదు. భారతీయ భాషా పత్రికల విస్తరణ మీద రాబిన్ జెఫ్రీ 2000లో ప్రచురించిన పుస్తకం, పత్రికా కార్యాలయాల్లో దళితులు దాదాపు లేరన్న సంగతిని ఎత్తిచూపింది. కోనసీమ దీనికి దూరమైన నేల కాదు. రాజమండ్రిలో ‘జయభేరి’ నడిపిన కుసుమ ధర్మన్న, మామిడికుదురులో పుట్టి కొంతకాలం పత్రికా రచన కూడా చేసిన బోయి భీమన్న ఈ గోదావరి ప్రాంతం వారే. కలం లేక కాదు, కుర్చీ ఇవ్వక. పేటలోంచి వచ్చిన విలేకరి లేని పత్రికకు పేట ఎప్పుడూ వార్తాస్థలమే అవుతుంది, వార్తకు వనరు కాదు.

5. కొత్తగా వచ్చేవారికి

పై చర్చంతా చూసి ఈ వృత్తుల్లోకి పోవద్దని చెప్పినట్టు ఎవరూ భావించనక్కర్లేదు. పోవాలి. అయితే ఏం పట్టుకుపోవాలో తెలిసి పోవాలి. సంస్థ తరఫున రాయబోయేవారు ఒక గీత గీసుకోవాలి: తమ సంస్థను సమర్థించడం ఉద్యోగం కావచ్చు, జనం ప్రాణాలకు సంబంధించిన సమాచారాన్ని ఆపడం ఏ ఉద్యోగంలోనూ భాగం కాదు. విలేకరి కాబోయేవారు తమ మండలపు మురుగు కాలువ పటం, పంచాయతీ బడ్జెటు, గొట్టాలు పోయే దారి చదవడం నేర్చుకోవాలి. సమాచార హక్కు దరఖాస్తు రాయడం నేర్చుకోవాలి. ప్రకటన కాగితం చేతికి వచ్చినప్పుడు ప్రతి వాక్యం కిందా ‘ఎవరు?’ అని పెన్సిలుతో రాసుకోవడం మంచి అభ్యాసం. జవాబు దొరకని చోటే వార్త మొదలవుతుంది.

ఇక నీతి ఒక్కటే దీన్ని పరిష్కరించదు. ప్రకటనలు తెచ్చే పనినీ వార్త రాసే పనినీ ఒకే మనిషి మీద పెట్టడం మానాలనీ, మండల విలేకరికి నెల జీతమూ నియామక పత్రమూ ఇవ్వాలనీ అడగడం రచయితల సంఘాలకు సంబంధం లేని విషయం కాదు. నాటు కూలీకి కూలి అడిగిన సాహిత్యం, ఆ కూలీ గురించి రాసేవాడి కూలి విషయంలో మౌనంగా ఉండటానికి కారణం లేదు. ఆకలితో ఉన్న వాక్యం ఎవరు అన్నం పెడితే వారి పేరు దాస్తుంది. వాక్యంలోకి కర్త తిరిగి రావాలంటే రాసేవాడి కాళ్ల కింద కాస్త నేల ఉండాలి.